చక్రమును నిలుపు రబ్బరు బుష్షు

గతుకుల బాటపై పోవు సరకు లారీని ముందునుండి చూచినచో ఒక సంగతి తెలియును. ఎడమచక్రము రాతిపైకి ఎక్కినపుడు ఇరుసంతయు ఒరిగి, దానితోపాటు కుడిచక్రము కూడ వంగును. రెండు చక్రములును ఒకే ఉక్కు ఇరుసునకు బిగించి ఉండుటయే ఇందుకు కారణము. భారీ లారీలలో బలముకొరకు నేటికిని ఎక్కువగా ఈ పద్ధతినే వాడుచున్నారు. పికప్ వంటి చిన్న ట్రక్కులలో మాత్రము ప్రతి ముందుచక్రమును విడివిడిగా పైకి క్రిందికి ఆడనిచ్చు ఏర్పాటు చాలకాలముగా ఉన్నది. అమెరికాలో షెవర్లే సంస్థ 1960వ సంవత్సరపు పికప్ ట్రక్కులలో మెలితిరుగు ఉక్కు కడ్డీలతో ఇట్టి ఏర్పాటు చేసి, 1963లో ఆ కడ్డీలకు బదులు చుట్టస్ప్రింగులను అమర్చినది.

ఈ ఏర్పాటులో ప్రతి చక్రమునకు పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు ఉక్కు భుజములు ఉండును. వర్క్‌షాపులలో వీనిని ఆర్ములు అందురు. ఆకారములో ఇవి పంగలకర్రను పోలియుండును. ఒంటికొన చక్రమువైపు, పంగ రెండు కొనలు ఛాసీవైపు ఉండును. చక్రము పైకి లేచినపుడు భుజము తలుపురెక్కవలె పంగకొనలవద్ద తిరుగును. తలుపునకు బందు ఎట్లో, భుజమునకు బుష్షు అట్లు.

అయితే బందునకు, బుష్షునకు ఒక ముఖ్యమైన భేదము కలదు. బందులో ఇనుముపై ఇనుము రాచుకొనును. అందువలన నూనె కావలెను. రబ్బరు బుష్షులో ఏదియు దేనిపైనను రాచుకొనదు. ఒకదానిలో ఒకటిగా రెండు ఉక్కు గొట్టములు, వాని నడుమ రెంటికిని గట్టిగా అతుకుకొనియున్న రబ్బరు: బుష్షు అనగా ఇంతే. వెలుపలి గొట్టము భుజపు కన్నములో బిగువుగా కూర్చుండును. లోగొట్టమును పెద్ద బోల్టు ఛాసీకి నొక్కిపట్టును; అది కదలదు. భుజము తిరిగినపుడు నడుమనున్న రబ్బరే మెలిపడి, తిరిగి యథాస్థితికి వచ్చును. కాబట్టి దీనికి గ్రీజు అక్కరలేదు. పైగా ఖనిజతైలములు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరచును గనుక, పాత అలవాటుకొద్ది గ్రీజు పెట్టుట మేలు చేయకపోగా కీడు చేయును.

చెట్టునుండి తీసిన రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి వేడిచేసినచో సాగినది మరల పూర్వరూపమునకు వచ్చునని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను; పొడవైన రబ్బరు అణువుల నడుమ గంధకపు వంతెనలు ఏర్పడుటయే ఇందుకు కారణము. మెత్తని మసిపొడి కలుపుటవలన దానికి బలము హెచ్చును. రబ్బరుకు ఇంకొక విశేషము కలదు. దాని ఆకారమును సులభముగా మార్చవచ్చును గాని, ఘనపరిమాణమును తగ్గించుట మిక్కిలి కష్టము. రెండు గొట్టముల నడుమ ఇరుకుకొనియున్న రబ్బరు, ప్రక్కనుండి నొక్కినపుడు పోవుటకు చోటులేక గట్టిగా ఎదిరించును. మెలిపెట్టినపుడు మాత్రము సులువుగా లొంగును. చక్రమును ముందువెనుకలకు పోనీయక, పైకి క్రిందికి మాత్రము ఆడనిచ్చుటకు ఇంతకంటె అనువైన కీలు దొరకుట అరుదు.

కాలక్రమమున ఈ రబ్బరు చెడును. ఇంజను వేడిమి, గాలిలోని ఓజోను, కారిన నూనె, అన్నిటికి మించి లక్షలసార్లు మెలిపడుట దానిని చీల్చును. చీలిక పెరిగినచో బ్రేకు వేసినపుడు బయటపడును. ఉదాహరణకు, క్రింది భుజపు కొన నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున, పై భుజపు కొన 50 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నవనుకొందము. బ్రేకు వేసినపుడు నేల టైరును 300 కిలోల బరువుతో సమానమైన బలముతో వెనుకకు లాగినదనుకొందము. పై కొననుండి భ్రామకములు లెక్కించినచో, 300ను 50చే గుణించి, రెండు కొనల నడిమి దూరమగు 30చే భాగింపవలెను. క్రింది భుజముపై పడు బలము 500 కిలోలు! మిగిలిన 200 కిలోల బలము పై భుజమును ముందుకు లాగును. అనగా నేలవద్ద పుట్టిన బలముకంటె ఎక్కువ బలమును క్రింది బుష్షులు మోయవలసియుండును.

బుష్షులు చీలియున్నచో క్రింది కొన వెనుకకు, పై కొన ముందుకు జరుగును. సైకిలు ముందుచక్రపు కవ ఏటవాలుగా ఉండుట అందరు ఎరిగినదే. ట్రక్కు చక్రము మళ్లు అక్షమునకు కూడ అట్టి ఏటవాలు ఉండును; దానిని కాస్టర్ కోణము అందురు. మళ్లిన చక్రము తనంతట తిన్నబడుటకు ఇది తోడ్పడును. సరిగా బ్రేకు వేసిన క్షణముననే ఈ కోణము తగ్గుటచేత స్టీరింగు తేలిపోయినట్లుండును. రెండు వైపుల అరుగుదల సమానము కానిచో బండి ఒక ప్రక్కకు లాగును. బ్రేకు వేయగానే ‘టక్’మను చప్పుడు, టైరు ఒక అంచుననే అరుగుట కూడ ఇట్టి లక్షణములే. మెకానిక్కులు భుజమునకు, ఛాసీకి నడుమ ఇనుపకడ్డీ దూర్చి మెల్లగా ఎత్తిచూతురు. బుష్షు చెడినచో భుజము వదులుగా జరుగుట కంటికి కనబడును.

బుష్షు మార్చుటలో ప్రాణాపాయము స్ప్రింగువద్దనే కలదు. ఒక టన్ను బలముచే 10 సెంటీమీటర్లు నొక్కబడిన స్ప్రింగులో దాగియున్న శక్తి 5 కిలోల వస్తువును 10 మీటర్ల ఎత్తునకు విసరగలదు. కాబట్టి ఛాసీని గట్టి స్టాండ్లపై నిలిపి, స్ప్రింగును దానికై ఉన్న సాధనముతో బంధించిన పిమ్మటనే భుజపు బోల్టులు విప్పవలెను. కేవలము జాకీపై నిలిచిన బండి క్రింద ఎవ్వరును దూరరాదు. విప్పుటకు ముందే బోల్టుల, పలుచని బిళ్లల స్థానములను సుద్దతో గుర్తించుట మంచిది.

పాత బుష్షును నూనెయంత్రపు ప్రెస్సుతో నొక్కి తీయుదురు. కొందరు రబ్బరును కాల్చి ఊడదీయుదురు. ఆ పొగ ఊపిరికి హాని, మంట ఉక్కుకు హాని. నొక్కునపుడు కన్నపు రెక్కల నడుమ తగిన దిమ్మె పెట్టనిచో రెక్కలు వంగును. కొత్తదానిని ఎక్కించునపుడు బలము వెలుపలి గొట్టముపైననే పడవలెను; లోగొట్టముపై పడినచో రబ్బరు అతుకు అప్పుడే ఊడును.

ఇంతవరకు శ్రద్ధగా చేసిన పనియు చివరి బోల్టువద్ద చెడుట కలదు. మేలైన బుష్షులు వేసినను కొద్ది నెలలకే చీలినవని, రబ్బరు నాసిరకమని కొందరు అంగడివానిని నిందింతురు. తప్పు చాలసార్లు రబ్బరుది కాదు, బిగించిన సమయముది.

బండి జాకీపై ఉన్నపుడు చక్రము క్రిందికి వ్రేలాడును. భుజము మామూలు స్థానమునుండి 20 డిగ్రీలు దిగియున్నదనుకొందము. ఆ స్థితిలో బోల్టును బిగించినచో లోగొట్టము అక్కడనే పట్టుబడును. రబ్బరుకు అదియే విశ్రాంతిస్థానమగును. బండిని నేలకు దింపగానే, ఒక్క గజము నడువకముందే, రబ్బరు 20 డిగ్రీలు మెలిపడియుండును. షెడ్డులో రాత్రియంతయు ఆ మెలిక అట్లే ఉండును. గతుకులో భుజము ఇంకను 10 డిగ్రీలు లేచినచో మొత్తము 30 డిగ్రీలు. నేలపై నిలిపి బిగించిన బుష్షుకు అదే గతుకులో 10 డిగ్రీలే.

ఈ మెలిక రబ్బరంతట సమానముగా పడదు. రబ్బరును ఉల్లిపొరలవంటి పలుచని స్తూపములుగా ఊహించినచో, ప్రతి పొరయు ఒకే భ్రామకమును మోయవలెను. వ్యాసార్ధము రెట్టింపైన పొరలో వైశాల్యము రెట్టింపు, అక్షమునుండి దూరమును రెట్టింపు. కాబట్టి అందు ప్రతిబలము నాలుగవవంతు. రబ్బరు లోపలి వ్యాసార్ధము 10 మిల్లీమీటర్లు, వెలుపలిది 20 అయినచో, లోగొట్టమునంటిన పొరకు వెలుపలిదానికంటె నాలుగురెట్లు కష్టము. అందువలననే మెలికచే పుట్టు చీలిక సాధారణముగా లోగొట్టమువద్ద మొదలగును. పై కొలతలతో లెక్కించినచో ఆ పొరలో విరూపణ వికృతి 10 డిగ్రీలకు సుమారు 47 శాతము, 30 డిగ్రీలకు 140 శాతము. వికృతి మూడురెట్లయినపుడు రబ్బరు ఆయువు మూడవవంతుకు మాత్రమే తగ్గునని అనుకొనరాదు; అంతకంటె చాల ఎక్కువగా తగ్గును.

కాబట్టి భుజమును ఎక్కించి, బోల్టులను వదులుగా త్రిప్పి, చక్రము తగిలించి, బండిని నేలపై నిలుపవలెను. నాలుగడుగులు ముందుకు వెనుకకు దొర్లించి, ముందుభాగమును రెండు మూడుమార్లు నొక్కి వదలినచో భుజములు తమ సహజస్థానమునకు వచ్చును. ఇక ఇంజను ఆపి, హ్యాండుబ్రేకు వేసి, వెనుకచక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టి, తయారీదారు చెప్పిన కొలతకు టార్కు పానాతో బోల్టులను బిగింపవలెను. బండి క్రింద చోటు ఇరుకు. చేయి సరిగా అందదు. జాకీపైననే బిగించి వేయుటకు పనివారిని ప్రేరేపించునది ఈ ఇరుకే. గుంటపై బండి నిలుపు వసతి ఉన్నచో ఈ చిక్కు ఉండదు. లోగొట్టము జారి తిరుగు పాలియురిథేన్ బుష్షులకు ఈ నియమము వర్తింపదు. వానికి తయారీదారు చెప్పిన గ్రీజు కావలెను.

ఆ పిమ్మట చక్రముల కోణములను యంత్రముపై కొలిపింపవలెను. పాత బుష్షులు అరిగి క్రుంగినపుడు సరిచేసిన కోణములు కొత్త బుష్షులకు సరిపోవు.