నీతి చివర్లో... పిల్లల మనసు మధ్యలో!

కార్టూన్ ఆఖర్లో మంచే గెలుస్తుంది. మరి పిల్లలు నేర్చుకునేది ఆ ఆఖరి నిమిషాన్నేనా?

లడ్డూ నోట్లో వేసుకున్నాడు. పిడికిలి బిగించాడు. ‘‘నేను భీమ్, నువ్వు కాలియా’’ అంటూ తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చాడు. చిన్నోడు ఏడుపు లంకించుకున్నాడు. వంటింట్లోంచి వచ్చి అమ్మ కసిరితే, ‘‘కాలియా చెడ్డోడు కదమ్మా, కొట్టాలి!’’ అని సమాధానం. కార్టూన్లు చూసే పిల్లలున్న ఇళ్లలో ఇది చాలామందికి తెలిసిన దృశ్యమే.

ఆ భీమ్, అంటే కార్టూన్ హీరో ఛోటా భీమ్, మన హైదరాబాద్‌లో పుట్టినవాడు. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తీర్చిదిద్దితే 2008లో పోగో ఛానల్‌లోకి వచ్చాడు. తన ఊరు ఢోలక్‌పూర్‌కి ఆపదొస్తే ముందుంటాడు, స్నేహితుల్ని వదిలిపెట్టడు. మరి పిల్లలు ఆ స్నేహం కంటే ముందు పిడిగుద్దులనే ఎందుకు అందుకుంటున్నారు?

శిక్ష చూపించినా...

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా చేసి, 1965లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు కొంత జవాబు చెబుతుంది. ఒకతను ‘బోబో’ అనే గాలిబొమ్మను చితక్కొట్టే దృశ్యాన్ని చిన్నపిల్లలకు తెరపై చూపించారు. ఒక జట్టు చూసినదాంట్లో అతనికి మెప్పు, మిఠాయిలు దక్కాయి. మరో జట్టు చూసినదాంట్లో చీవాట్లు పడ్డాయి. మూడో జట్టుకు చూపినదాంట్లో రెండూ లేవు. చీవాట్లు చూసిన పిల్లలు ఆ చేష్టల్ని తక్కువగా అనుకరించారు. కానీ ‘అతనేం చేశాడో చేసి చూపిస్తే బహుమతిస్తాం’ అనేసరికి మూడు జట్ల మధ్య తేడా పోయింది. శిక్ష చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారే గానీ, చూసిందంతా అప్పటికే నేర్చేసుకున్నారు! ఇక కార్టూన్ హీరోకైతే కొట్టినందుకు శిక్ష ఉండదు. ఊరంతా జేజేలు కొడుతుంది.

నీతి ఎందుకు అందదు?

‘క్లిఫర్డ్’ అనే పెద్ద ఎర్రకుక్క కార్టూన్‌పై 2008లో అమెరికాలోనే ఓ అధ్యయనం వెలువడింది. అందులోని ఓ కథలో మూడు కాళ్ల కుక్కను చూసి మిగతా కుక్కలు మొదట భయపడతాయి, చివరికి స్నేహం చేస్తాయి. వైకల్యం ఉన్నవాళ్లనూ కలుపుకోవాలన్నది నీతి. చూసిన కిండర్‌గార్టెన్ పిల్లల్లో చాలామందికి అది అందనే లేదు. కథలో ఎక్కువసేపు నడిచింది భయమూ దూరం పెట్టడమూ. కలుపుకోవడం ఆఖర్లో కాసేపే.

మధ్యలో ఆపండి

నానమ్మ కథ చెబుతూ సరిగ్గా మధ్యలో ఆగేది. ‘‘ఇప్పుడు కుందేలు ఏం చేయాలో చెప్పు చూద్దాం’’ అని అడిగేది. టీవీ అలా ఆగదు. ఆ పని పక్కన కూర్చున్న పెద్దవాళ్లే చేయాలి. ‘‘దెబ్బ తగిలితే కాలియాకి నొప్పి పుట్టదా? కొట్టకుండా ఇంకేం చేయొచ్చు?’’ అని అడిగితే, పిల్లాడు చూడటం ఆపి ఆలోచించడం మొదలుపెడతాడు.

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ గంటలోనూ పిల్లాణ్ని టీవీకి అప్పగించి మన పనుల్లో పడిపోకూడదు.

కార్టూన్లు తీసేవారికీ ఓ విన్నపం. తప్పు ఒప్పుకోవడం, అలిగినవాణ్ని ఆటలోకి పిలవడం, మాటలతో గొడవ తీర్చడం... వీటిని ఆఖరి నిమిషానికి నెట్టేయకండి. కథ నడిమధ్యకు తీసుకురండి. ఫైటింగుకిచ్చినంత సమయం రాజీకీ ఇస్తే, పిల్లలు దాన్నీ అంతే ఇష్టంగా ఆడుకుంటారు.