నీటి పంటకు నేల మేత

స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న నాయుడుపేట రెండు భిన్నమైన నేలల నడుమ నిలిచిన పట్టణం. పడమటగా శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి, చిత్తూరుల వైపు సాగితే వేరుశనగ చేలు, మామిడి తోటలు ఎదురవుతాయి. తూర్పుగా సముద్రం వైపు వెళితే వరిమళ్ళు, వాటిని దాటితే చేపల చెరువులు, రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. మెట్టపంటకూ చేపల పెంపకానికీ పొత్తు లేదని పైకి తోస్తుంది. కాని మన చెరువులలో పెరిగే చేప తినే మేతలో అధికభాగం ఆ చేల నుండి, నూనె మిల్లుల నుండి, బియ్యపు మిల్లుల నుండి వచ్చినదే.

శాస్త్రగ్రంథాలు కట్లా, రోహు, మ్రిగాల అని పేర్కొనే చేపలను మన జాలరులు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అంటారు. బొచ్చె నీటి పైపొరలోను, శీలావతి నడిమి పొరలోను, ఎర్రమోసు అడుగునను ఆహారం వెదకుతాయి. ఈ జాతి చేపలకు మనకున్నట్లు ఆమ్లం ఊరే జీర్ణకోశం లేదు. పొడవైన ప్రేగులోనే జీర్ణక్రియ సాగుతుంది. పిండిపదార్థాలను ఇవి బాగానే అరిగించుకొంటాయి. కనుకనే కొల్లేటి ప్రాంతంలో పెంపకం విస్తరించిన నాటి నుండి నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క ఆంధ్రప్రదేశ్ రైతుకు ప్రధానమైన మేత అయినవి. ఆ మేతను అడుగున చిల్లులున్న సంచులలో నింపి, చెరువులో పాతిన గడలకు వ్రేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల వద్ద మూతులతో పొడిచి తింటాయి. సంచి వేళకు ఖాళీ కాకపోతే చేపకు ఏదో నలతగా ఉన్నదని రైతు గ్రహిస్తాడు. మేతను కొలిచే సంచియే నాడి చూసే వైద్యుని పని కూడా చేస్తుందన్నమాట!

పెంపకపు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అందువల్ల ఏది ఎంత కలపాలన్నది రైతు కుటుంబపు లాభనష్టాలను నిర్ణయించే ప్రశ్న. శీలావతి చక్కగా పెరగడానికి మేతలో నూటికి 25 నుండి 30 పాళ్ళ మాంసకృత్తులు కావాలి. తవుడులో ఉండేది సుమారు 15 పాళ్ళే. వేరుశనగ చెక్కలో 40 పాళ్ళకు మించి ఉన్నా, లైసిన్, మెథియోనిన్ అనే అత్యవసర ఆమైనో ఆమ్లాలు అందులో తక్కువ. సోయా చెక్కలో లైసిన్ సమృద్ధిగా ఉంటుంది, మెథియోనిన్ చాలదు. ఒకదాని లోటును మరొకటి పూడ్చేటట్లు కలపడమే మేత తయారీలోని నేర్పు. ఎండుచేపల పొడి కలిపితే ఈ చిక్కు లేదు. అయితే ఒక కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. సముద్రపు చేపను పట్టి చెరువు చేపకు వేయడం ఎంతకాలం సాగుతుంది? నార్వే దేశంలో సాల్మన్ చేపల మేతలో 1990లో సుమారు 90 శాతం సముద్రం నుండి వచ్చిన పదార్థాలే ఉండేవి. 2013 నాటికి అవి 30 శాతానికి దగ్గరగా తగ్గి, మిగిలిన చోటును మొక్కల పదార్థాలు ఆక్రమించినవి. ఆ మార్పు సులువుగా జరగలేదు. సోయా చెక్క ఎక్కువైనప్పుడు సాల్మన్ ప్రేగు వాచిపోయింది.

మొక్క తన గింజను కాపాడుకొనడానికి అందులో కొన్ని రక్షక పదార్థాలను దాచుకొంటుంది. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డగించే పదార్థం ఉన్నది. తగినంత వేడి చేస్తే అది నశిస్తుంది. పత్తిగింజలోని గాసిపోల్ లైసిన్‌ను పట్టి ఉంచి చేపకు అందనీయదు. తవుడులోని భాస్వరంలో అధికభాగం ఫైటేట్ రూపంలో బంధింపబడి ఉంటుంది. దానిని విడదీసే ఎంజైము చేపకు లేదు. అరగని ఆ భాస్వరం మలంతోపాటు నీటిలో చేరి నాచును పెంచుతుంది. ఆ నాచు రాత్రివేళ ప్రాణవాయువును పీల్చివేయగా, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మేతలోని లోపం ఇట్లు నీటి లోపంగా బయటపడుతుంది.

వీటన్నిటికంటె భయంకరమైనది బూజు. తడి ఆరని వేరుశనగకు పట్టే ఒక జాతి బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని స్రవిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుబట్టని వ్యాధితో చనిపోయినవి. వెదకగా కారణం వాటికి వేసిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఆ కాలముననే అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయపు క్యాన్సరు సోకింది. అక్కడ దోషం పత్తిగింజల చెక్కకు పట్టిన బూజుది.

ఇక ఆరోగ్యం మాట. వ్యాధి వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ మందులు వేస్తే సూక్ష్మజీవులు వాటికి అలవాటుపడతాయి. అవశేషాలు మాంసంలో నిలుస్తాయి. నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల జాడ కనిపించిన రొయ్యల సరుకును ఐరోపా దేశాలు నిరాకరించిన సందర్భాలున్నవి. అందుచేత శాస్త్రజ్ఞుల చూపు పసుపు, వెల్లుల్లి, తులసి, ఉత్తరేణి వంటి వాటివైపు మళ్ళింది. చిత్తూరు సీమకు సన్నిహితమైన ఉదాహరణ మామిడి జీడి. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో శీలావతి పిల్లలకు కిలో మేతకు 1, 5, 10 గ్రాముల చొప్పున మామిడి జీడి పొడి కలిపి 60 రోజులు పెట్టారు. తరువాత వాటికి ఏరోమోనాస్ అనే వ్యాధికారక సూక్ష్మజీవిని ఎక్కించారు. 5 గ్రాములు తిన్న పిల్లలలో నూటికి 98 బ్రతికినవి. మోతాదు పెంచిన కొద్దీ మేలు పెరుగుతుందనే భ్రమకు ఇది సమాధానం.

నిజానికి మొక్కలలో మందు ఎంత ఉన్నదో విషమూ అంత ఉన్నది. చేపపిల్లలను వదలడానికి ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపడానికి హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పచెక్క చల్లడం పాత పద్ధతి. అందులోని సపోనిన్ చేప ఎర్రరక్తకణాలను పగులగొడుతుంది. కొన్ని వారాలకు విషం విరిగి, అదే చెక్క ఎరువుగా మారుతుంది. సపోనిన్ ఉన్న తేయాకు గింజల పిండిని తగిన మోతాదులో రొయ్యల గుంటలో చల్లితే చేపలు చనిపోతాయి గాని రొయ్యలు బ్రతికి ఉంటాయి; ఎందుకంటే రొయ్య రక్తంలో ఎర్రకణాలే లేవు. మనకు మేలుచేసే వేప సైతం మోతాదు మించితే చేపకు హాని చేస్తుంది. కాబట్టి సీసాపై ‘మూలికలతో తయారైనది’ అని వ్రాసి ఉన్నంత మాత్రాన దానిని చెరువులో పోయడం తగదు. ఏ మొక్క, ఏ భాగం, కిలో మేతకు ఎంత, ఏ చేపపై పరీక్షించారు అన్న ప్రశ్నలకు అమ్మేవాడు జవాబు చెప్పగలగాలి.

మామిడి రసం తీసే కర్మాగారాల వద్ద వేసవిలో టెంకలు గుట్టలుగా పోగవుతాయి. చేపలకు పుండ్ల వ్యాధి సాధారణంగా సోకేది చలికాలంలో. ఈ నడుమ వానలు. టెంకను పగులగొట్టి, జీడిని ఎండబెట్టి, పొడిచేసి, ఆ నెలలన్నీ తేమ తగలకుండా దాచగలిగినప్పుడే అది చెరువుకు అక్కరకు వస్తుంది. లేకపోతే వేరుశనగకు పట్టిన బూజు దీనికీ పట్టగలదు.