ఆడ అని రాయాలా, మగ అని రాయాలా?

ఆస్పత్రిలో ఓ.పి. చీటీ రాసేటప్పుడు పేరు, వయసు తరువాత అడిగేది 'ఆడా, మగా' అని. చాలామందికి ఇది క్షణంలో తేలిపోయే ప్రశ్న. కొందరికి మాత్రం ఆ కౌంటరు దగ్గరే నోరు పెగలదు. పుట్టినప్పుడు మగబిడ్డ అని రాశారు. ఇప్పుడు జడ వేసుకుంటారు, గాజులు తొడుక్కుంటారు, చుడీదారో చీరో కడతారు. 'మీరు స్త్రీయా?' అని అడిగితే 'పూర్తిగా కాదు' అంటారు. 'మరి పురుషులా?' అంటే 'అదీ కాదు' అంటారు. వరుసలో వెనక నిలబడినవారు నవ్వుతారు. మరుసటిసారి జ్వరం వచ్చినా వారు ఆస్పత్రికి రారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వీరు ఎవరు?

పుట్టినప్పుడు శరీరాన్ని చూసి రాసిన లింగం, తమకు తాము తెలుసుకున్న లింగం ఒకటి కాని వారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటారు. వారిలో కొందరు తాము స్త్రీలమని, కొందరు పురుషులమని చెబుతారు. ఇంకొందరు ఈ రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడరు. వారిని నాన్‌బైనరీ వ్యక్తులు అంటారు. వీరిలో కొందరికి ఆడవారి కట్టు, అలంకారం సహజంగా ఉంటాయి.

మన ప్రాంతంలో అందరికీ తెలిసినవారు హిజ్రాలు. వారు గురువు, చేలా సంబంధంతో ఒక కుటుంబంలా బతుకుతారు. శివశక్తులుగా జీవించేవారూ ఉన్నారు. అయితే ఇంట్లోనే ఉండి చదువుకునేవారు, ఉద్యోగం చేసేవారు కూడా ఎందరో ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరూ హిజ్రాలు కారు. పుట్టుకతోనే జననాంగాల్లో తేడా ఉండడం వేరే విషయం.

ఇది జబ్బా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనిని మానసిక రోగాల అధ్యాయం నుంచి తీసివేసింది. వైద్య సహాయం కావలసినవారికి అందాలని లైంగిక ఆరోగ్య విభాగంలో ఉంచింది. మందులతో, మందలింపుతో, దెబ్బలతో దీనిని 'మార్చే' చికిత్స ఏదీ లేదు. అలాంటి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది.

'పెళ్లి చేస్తే సర్దుకుంటుంది' అని కొందరు పెద్దలు అంటారు. సర్దుకోదు. పైగా ఏమీ తెలియని మరో ఇంటి బిడ్డ బతుకు కూడా కష్టాల పాలవుతుంది.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

నిజామాబాద్, బోధన్ ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. అక్కడ 1919లో, అంటే 1329 ఫసలీలో, నపుంసకుల చట్టం వచ్చింది. 'నపుంసకులు' అని ఆ చట్టం పిలిచినవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు. వారు ఆడవారి బట్టలు, నగలు ధరించి వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల వరకు జైలులో పెట్టవచ్చు. నిజాం పాలన పోయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే మిగిలింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛన్లు వర్తింపజేయాలని కూడా ఆదేశించింది.

అంతకుముందే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో మూడో లింగాన్ని గుర్తించింది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామని పట్టుబట్టడం చెల్లదని చెప్పింది. 2019 చట్టం, 2020 నియమాలతో కలెక్టరు ద్వారా గుర్తింపు పత్రం ఇచ్చే పద్ధతి వచ్చింది. నియమాలు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే ముందు కలెక్టరు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఆరోగ్యం విషయంలో జాగ్రత్తలు

1. సొంతంగా హార్మోను మాత్రలు వేసుకోవద్దు. రొమ్ములు పెరగాలని, చర్మం మెత్తబడాలని కొందరు మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు నాలుగైదు మింగుతారు. వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ వల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టవచ్చు. పొగ తాగేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి రావాలి. ఏ మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పాలి.

2. హార్మోన్లు కావాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలోనే తీసుకోవాలి. రక్త పరీక్షలు, బి.పి. చూసి మోతాదు నిర్ణయిస్తారు. మార్పు రావడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. గొంతు మారదు, గడ్డం పూర్తిగా పోదు. పిల్లలు పుట్టే శక్తి తగ్గవచ్చు, తిరిగి రాకపోవచ్చు. ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. హార్మోన్లు అసలే వద్దనుకునేవారూ ఉంటారు. దానివల్ల వారి గుర్తింపు తక్కువ కాదు.

3. శిక్షణ లేనివారి చేత అంగం తీయించుకోవద్దు. అధిక రక్తస్రావం, చీము, తరువాత మూత్రమార్గం మూసుకుపోవడం వంటి ప్రమాదాలున్నాయి. ప్రాణం పోవచ్చు.

4. మూత్రం ఆపుకోవద్దు. ఆడవారి మరుగుదొడ్డికి వెళ్తే కేకలు, మగవారి దానికి వెళ్తే వేధింపులు. అందుకే బస్‌స్టాండులో, పని చోట నీళ్లు తాగడమే మానేస్తారు. మన ఎండల్లో దీనివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, కిడ్నీలో రాళ్లు వస్తాయి.

5. పెద్ద వయసులో మూత్రధార సన్నబడితే ప్రోస్టేట్ పరీక్ష అవసరం. హార్మోన్లు వాడినవారు రొమ్ములో గడ్డ కనిపించినా చూపించుకోవాలి.

6. మనసు కుంగిపోతే, చనిపోవాలనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది టెలిమానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ. తెలుగులో మాట్లాడవచ్చు.

హైదరాబాదులో 2021లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. విదేశీ నిధులు ఆగి 2025 ఆరంభంలో మూతపడినా, అదే ఏడాది సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

ఇంట్లోంచి వెళ్లగొట్టవద్దు. ఇల్లు పోతే చదువు పోతుంది. చదువు పోతే మిగిలేవి అడుక్కోవడం, ఒళ్లు అమ్ముకోవడం లాంటి దారులే. నిలబడనిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2022లో ట్రాన్స్‌జెండర్ మహిళలైన డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆస్పత్రిలో వైద్యాధికారులుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తీసుకున్నారు.

ఎలా పిలవాలో తెలియక ఇబ్బంది పడనక్కరలేదు. మన భాషే దారి చూపిస్తుంది. 'వచ్చిండు' అనాలా, 'వచ్చింది' అనాలా అన్న సందేహం ఉంటే 'వచ్చిన్రు' అనండి. ఆ గౌరవ వాచకంలో ఆడా మగా తేడా లేదు. ఇంట్లోనైతే 'బిడ్డా' అన్న పిలుపు ఎవరికైనా సరిపోతుంది. బయటివారైతే 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' అని ఒక్కసారి అడిగితే చాలు.

గుడిలో ఆడవారు ఒక వైపు, మగవారు ఒక వైపు కూర్చుంటారు. ఏ వైపు కూర్చోవాలో తెలియక ద్వారం దగ్గరే నిలబడిపోయే బిడ్డను చూస్తే, పక్కన చోటిచ్చి పిలవండి. వార్డులో మంచం ఇచ్చేటప్పుడు సిబ్బంది కూడా ముందు వారినే అడగాలి, అదీ పదిమంది వినేలా కాదు.

ఆలస్యం చేసి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, జ్వరమైనా దగ్గయినా మిగతా పిల్లలను తెచ్చినట్టే ఆస్పత్రికి తీసుకురండి. ఓ.పి. చీటీ దగ్గర ఏం రాయాలో వారినే చెప్పనివ్వండి.