రూట్ కెనాల్ చికిత్స

రూట్ కెనాల్ చికిత్స అనగా సూక్ష్మజీవుల వలన చెడిపోయిన దంతమజ్జను తొలగించి, పంటి వేరులోని నాళాలను శుభ్రపరచి, తిరిగి పూడ్చివేసే దంతవైద్య ప్రక్రియ. పన్నును పీకివేయకుండా కాపాడుకోవడం దీని ముఖ్యోద్దేశం.

దంత నిర్మాణం

పంటి పైభాగాన్ని కప్పి ఉండే గట్టి పొర పింగాణి. దాని క్రింద డెంటీన్, అన్నిటికంటె లోపల మెత్తని దంతమజ్జ ఉంటాయి. మజ్జలోని రక్తనాళాలు, నాడులు వేరు కొన వద్దనున్న సన్నని రంధ్రం గుండా లోనికి ప్రవేశిస్తాయి. వేరులో మజ్జ ఉండే సన్నని దారినే రూట్ కెనాల్ అంటారు. పై దవడ కుంతకాలకు సాధారణంగా ఒక నాళమే ఉంటుంది. పై దవడ మొదటి చర్వణకానికి మూడు లేక నాలుగు ఉంటాయి.

కారణాలు, లక్షణాలు

దంతక్షయం (పిప్పి పన్ను) లోతుగా వ్యాపించినపుడు, పన్ను పగిలినపుడు లేక పంటికి బలమైన దెబ్బ తగిలినపుడు మజ్జ దెబ్బతింటుంది. చుట్టూ గట్టి గోడలుండుట వలన వాచిన మజ్జ విస్తరించడానికి చోటుండదు. అందువలన లోపల ఒత్తిడి పెరిగి తీవ్రమైన పోటు వస్తుంది. వేడి, చల్లని పదార్థాలు తగిలిన తరువాత కూడా నొప్పి చాలాసేపు నిలిచి ఉండడం, రాత్రి పడుకున్నపుడు ఎక్కువవడం ముఖ్య లక్షణాలు.

కొన్నాళ్ళకు నొప్పి దానంతట అదే తగ్గిపోవచ్చు. ఇది తరచు వ్యాధి నయమైనందుకు కాక, మజ్జ చనిపోయినందుకు సూచన. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొన దాటి ఎముకను చేరి చీముగడ్డను కలిగించగలవు. చనిపోయిన మజ్జకు రక్తప్రసరణ ఉండదు కనుక యాంటీబయాటిక్ మాత్రలు అక్కడికి చేరలేవు. వాటి వలన వ్యాధి మూలం తొలగదు.

ముఖం లేక దవడ క్రింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మ్రింగుటలో గాని ఊపిరి పీల్చుటలో గాని కష్టం కలిగితే అది ప్రాణాపాయ స్థితి కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చికిత్సా విధానం

1. ఎక్స్-రే తీసి వేర్ల ఆకారాన్ని, ఎముక స్థితిని పరిశీలిస్తారు.
2. సూది ద్వారా మత్తుమందు ఇచ్చి, లాలాజలం తగలకుండా పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలుచని తెరను అమర్చుతారు. దీనిని 1864లో అమెరికా దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ ప్రవేశపెట్టాడు.
3. పంటికి రంధ్రం చేసి, ఫైళ్ళు అనే సన్నని ఆకురాళ్ళతో మజ్జను తీసి నాళాన్ని వెడల్పు చేస్తారు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడుగుతారు.
4. అవసరమైతే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి కొద్దిరోజుల తరువాత మరల రమ్మంటారు.
5. నాళాన్ని గట్టా-పెర్చాతో పూడ్చుతారు. ఇది ఆగ్నేయాసియా చెట్ల పాల నుండి లభించే రబ్బరువంటి పదార్థం.
6. పైభాగాన్ని సిమెంటుతో నింపి, నమిలే పళ్ళకు సాధారణంగా తొడుగు (క్యాప్) వేస్తారు. తొడుగు వేయించుకోక నిర్లక్ష్యం చేస్తే బలహీనపడిన పన్ను విరిగిపోవచ్చు.

చికిత్స తరువాత కొద్దిరోజులు నమిలేటపుడు నొప్పి ఉండవచ్చు. వేరు నిలువునా చీలినపుడు మాత్రం సాధారణంగా పన్నును తీసివేయవలసి వస్తుంది.

అపోహలు

ఈ చికిత్స చేసిన పళ్ళ వలన శరీరంలో ఇతర వ్యాధులు కలుగుతాయన్న వాదం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ప్రబలి, ఎందరో అనవసరంగా పళ్ళు పీకించుకున్నారు. తరువాతి పరిశోధనలు ఆ వాదాన్ని సమర్థించలేదు. చికిత్స భరించరాని బాధ కలిగిస్తుందన్నది మరొక అపోహ. రోగిని బాధించేది చాలావరకు వ్యాధే. మత్తుమందు పనిచేసిన తరువాత చికిత్సలో నొప్పి స్వల్పం.