అటకెక్కిన కంప్యూటర్లు మళ్లీ పని చేస్తాయి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు కావాలి. అవి లేని పాత యంత్రాలను తూకానికి అమ్మితే వచ్చేది స్వల్పమే. అంతకంటే లినక్స్ ఎక్కించుకోవడం మేలు.

ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌లో యాంటీఎక్స్, పప్పీ వంటి తేలిక రకాలున్నాయి. పైసా ఖర్చు లేదు. పప్పీ పెన్‌డ్రైవు నుంచే ర్యామ్‌లోకి ఎక్కుతుంది. హార్డ్‌డిస్కు చెడిన యంత్రం కూడా తెరుచుకుంటుంది! 1 జీబీ ర్యామ్‌తో ఉత్తరాలు, పద్దులు రాసుకోవచ్చు. పిల్లల యూట్యూబ్ పాఠాలకు మాత్రం అది చాలదు. బ్రౌజరే పెద్ద బరువు.

హార్డ్‌డిస్కు మొత్తానికి లినక్స్ ఎక్కిస్తే పాత ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాలు ముందే వేరే పెన్‌డ్రైవులో దాచుకోవాలి. లినక్స్ రాసే పెన్‌డ్రైవులో ఉన్నవీ పోతాయి.