డాబా మీద ఎండ, చేతిలో కరెంటు బిల్లు

కోనసీమలో ఏ ఊళ్ళో సోలార్ మాట ఎత్తినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "కరెంటు పోయినప్పుడు ఇది పనిచేస్తుందా టీచరుగారండీ?"

పనిచేయదనే చెబుతాను. వింటున్నవాళ్ళ ఉత్సాహం సగం అక్కడే తగ్గిపోతుంది. అయినా ఆ నిజంతోనే మొదలుపెట్టాలి. డాబా మీద పెట్టే మామూలు సోలార్ ప్లాంటు వీధి లైనుతో కలిసి నడుస్తుంది. లైనులో కరెంటు ఆగగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కి తీగ సరిచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకూడదని దాన్ని అలా తయారుచేశారు. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకుంటే కరెంటు లేనప్పుడూ నాలుగు లైట్లు వెలుగుతాయి, రెండు ఫ్యాన్లు తిరుగుతాయి. కాకపోతే ఖర్చు బాగా పెరుగుతుంది. ఇంత వివరించాక కూడా కూర్చుని ఉన్నవాళ్ళే నిజంగా పెట్టుకునేవాళ్ళు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఇప్పుడు డ్వాక్రా సంఘాల సమావేశాలకు వెళ్ళి కరెంటు గురించి మాట్లాడుతున్నాను. నేను ఏ కంపెనీకీ ఏజెంటును కాను, ప్యానెళ్ళు అమ్మను. బిల్లు చదవడం నేర్పుతాను, డాబా ఎక్కి నీడ చూస్తాను, దరఖాస్తు ఆగితే ఎవరికి రాయాలో చెబుతాను.

నేల కింది నిప్పు

ఈ పని మరెక్కడికన్నా మా ప్రాంతానికే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఇంధనం అంటే ఏమిటో ఒంటికి తగిలించుకుని తెలుసుకున్న జనం మేము. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి పేలింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ నుంచి గ్యాస్ లీకై అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళతో సహా 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నిలువునా మాడిపోయాయి.

ఆ గ్యాస్‌ను నమ్ముకునే జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట లాంటి చోట్ల పెద్ద పెద్ద విద్యుత్ కేంద్రాలు కట్టారు. 2009లో మా తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైనప్పుడు ఇక కరెంటుకు కొదవ లేదనుకున్నాం. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ గ్యాస్ బాగా పడిపోయింది. కేంద్రాలు ఏళ్ళ తరబడి పనిలేక నిలిచిపోయాయి. ప్రమాదం మా ఇళ్ళ పక్కన, నిర్ణయాలు ఎక్కడో దూరాన. ఎండతో వచ్చే కరెంటు విషయంలో అలా జరగకూడదు. దాని లెక్క మొదటి రోజు నుంచీ ఇంటివాళ్ళ చేతిలోనే ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

బిల్లులోని మెట్లు

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి చూసేవాళ్ళు తక్కువ. మన రాష్ట్రంలో ఇళ్ళకు యూనిట్ ధర మెట్లుమెట్లుగా పెరుగుతుంది. 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, ఆ పైన 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి ఒక్క యూనిట్ల ఖాతాలోనే సుమారు రూ.1,236 అవుతుంది. స్థిర చార్జీలు, ఇంధన సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

ఒక కిలోవాట్ ప్యానెళ్ళు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240. నెట్ మీటరు మనం వాడుకున్నదీ లైనుకు పంపినదీ రెండూ రాసుకుంటుంది, తేడాకే బిల్లు వేస్తారు. ఈ 240 యూనిట్లు మన వాడకంలో పైమెట్టు నుంచి తగ్గుతూ వస్తాయి, అంటే అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లే ముందు పోతాయి. ఈ ముక్క సుద్దముక్కతో నేల మీద రాసి చూపించాక ఆడవాళ్ళు లెక్కలో నన్ను దాటి వెళ్ళిపోతారు. ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో, ఏసీ కొన్న ఏడాది ఎంత పెరిగిందో, మోటారు ఎంతసేపు తిరుగుతుందో వాళ్ళకే తెలుసు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు, ఆపైన రూ.78,000 రాయితీ వస్తుంది. మిగతా సొమ్ముకు బ్యాంకు అప్పు ఉంటుంది. నెలకు వంద యూనిట్లలోపు వాడే ఇంటికి మాత్రం తొందరపడవద్దని చెబుతాను. వాళ్ళు కట్టే రేటే తక్కువ కాబట్టి పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అవసరం లేనివాళ్ళ చేత కూడా పెట్టించి లెక్క పెంచుకుంటే రేపు ఊళ్ళో సోలార్ అన్న మాటే ఎవరూ నమ్మరు.

కొబ్బరి మట్ట నీడ

మా దగ్గర డాబా అంటే పక్కనే కొబ్బరి చెట్టు ఉండాల్సిందే. ఒక్క మట్ట నీడ ప్యానెల్ మీద వాలితే ఏమవుతుందిలే అనుకుంటారు. ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పంట కాలువలో ఒకచోట గుర్రపుడెక్క అడ్డుపడితే దిగువ చేలన్నిటికీ నీళ్ళు తగ్గినట్టు, కొన్ని సెల్స్ మీద నీడ పడితే ఆ వరుసంతా ఇచ్చే కరెంటు తగ్గుతుంది.

అందుకే తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి డాబా ఎక్కి నీడ అంచు వెంబడి సుద్దతో గీత గీస్తాం. ఎండాకాలంలో చూసి సరిపెట్టుకోకూడదు. మార్గశిరం, పుష్యంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నీడలు ఉత్తరానికి సాగుతాయి. దక్షిణపు చెట్టుతోనే పేచీ, ఉత్తరపు చెట్టుతో పెద్ద ఇబ్బంది లేదు. కాయ కాసే చెట్టు కొట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. ప్యానెళ్ళను జరుపుతాం, లేదా స్టాండు ఎత్తు పెంచుతాం. "మరి ఒడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలమ్మా?" అని అడిగేవాళ్ళకూ జవాబు ఉండాలి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు పోతుంది. దక్షిణం వైపు కొంత చోటు వదిలి ముందే గీత గీసుకుంటే ఆ గొడవ ఉండదు.

సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. స్టాండుకు జింకు పూత సరిగా ఉందా, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని చూసుకోవాలి. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళకు గాలి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. స్టాండును స్లాబులోకి ఎలా బిగిస్తున్నారో బిగించేటప్పుడే పక్కన నిలబడి చూడండి.

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి కాగితాల మీద ఉంటుంది. చాలా ఇళ్ళలో మీటరు ఇప్పటికీ ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీదే నడుస్తోంది. పేరు మారితే తప్ప దరఖాస్తు కదలదు. పేరు మార్పిడికి అన్నదమ్ములందరూ ఒప్పుకోవాలి. ప్యానెల్ బిగించడానికి రెండు రోజులు చాలు, అన్నదమ్ములు ఒక మాట మీదికి రావడానికి ఒక్కోసారి రెండు పండగలు దాటిపోతాయి.

డాబా లేనివాళ్ళ మాట

మా ప్రచారం డాబాల దగ్గర ఆగిపోకూడదని నా పట్టుదల. పెంకుటిళ్ళు, రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు, అద్దెకు ఉండేవాళ్ళు ఏం చేయాలి? బడి మీదో, పంచాయతీ ఆఫీసు మీదో ఒక ప్లాంటు పెట్టి, ఆ యూనిట్లను అనేక ఇళ్ళ బిల్లుల్లో సర్దే పద్ధతి ఢిల్లీలో ఉంది. అది మన ఊళ్ళకూ రావాలి.

రొయ్యల చెరువుల సంగతీ అంతే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సింది అప్పుడే. ఆ వేళకు ఎండ ఉండదు. పగటి సోలార్‌ను రాత్రి ఏరియేటర్‌కు ఎలా అందించాలన్నది భీమవరం నుంచి అమలాపురం దాకా రైతులంతా కలిసి అడగాల్సిన ప్రశ్న.

అడిగే చోటు కూడా ఉంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం, ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించాకే విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు ఖరారు చేయాలి. ఏటా శీతకాలంలో పత్రికల్లో ప్రకటన వస్తుంది, ఎవరైనా అభ్యంతరం పంపవచ్చు. ఎం. తిమ్మారెడ్డిగారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ విచారణల్లో డిస్కంల, అంటే కరెంటు పంపిణీ సంస్థల, లెక్కలను పద్దు పద్దుగా ప్రశ్నించారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు విశాఖలో ఉంటూ ప్రభుత్వాలకు లేఖల మీద లేఖలు రాస్తూ వచ్చారు. వాళ్ళంత చదువు అక్కర్లేదు. మన బిల్లు మనకు అర్థమైతే చాలు, అడగడానికి అర్హత వచ్చినట్టే.

2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సోలార్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన పేరుతో అడ్డు చెప్పడానికి వీల్లేదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి దరఖాస్తుకు జతచేయమని అందరికీ చెబుతున్నాను. అయినా ఆలస్యమైతే డిస్కం ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇది చదివినవాళ్ళు సోలార్ కంపెనీకి ఫోన్ చేసే ముందు గడిచిన పన్నెండు నెలల బిల్లులు వరుసగా పేర్చి యూనిట్లు కూడండి. మీటరు ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఇంట్లో ఆడవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క చేయండి. అప్పుడు ఎవరు వచ్చి ఏ ధర చెప్పినా ఎదురు ప్రశ్న వేయగలుగుతారు.