కెమెరా వెనుక ఎవరి డబ్బు?

కరువు, వరద, వలస, నిర్వాసం, ప్రమాదకరమైన పని వంటి పరిస్థితుల మధ్య మనుషులు ఎలా బతుకుతున్నారో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి వారి వెంట ఉండి వరుస చిత్రాలుగా నమోదు చేసే పనిని మానవీయ డాక్యుమెంటరీ ఛాయాచిత్రణ అంటారు. పత్రికలో పడే వార్తాచిత్రం ఒక రోజు జరిగిన సంఘటనకు సాక్ష్యమైతే, ఈ చిత్రశ్రేణి ఆ సంఘటనకు ముందూ వెనుకా సాగే జీవితానికి సాక్ష్యంగా నిలుస్తుంది. అంతకాలం జీతమిచ్చి ఒక మనిషిని ఒకే విషయం మీద ఉంచడం పత్రికలకూ స్టూడియోలకూ సాధ్యం కాదు కనుక, ఈ పనికోసమే విడిగా డబ్బు సమకూర్చే ఏర్పాట్లు పుట్టాయి. తిరిగి చెల్లించనక్కరలేకుండా, ఒక నిర్దిష్టమైన పని పూర్తిచేయడానికి ఇచ్చే ఆ మొత్తాన్ని గ్రాంటు అంటారు. గ్రాంటును కళాకారుడికి దక్కే సత్కారంగా చూడడం అలవాటైపోయింది గానీ, దాని అసలు ప్రాధాన్యం మరొక చోట ఉంది: డబ్బు ఎవరి చేతి నుంచి వస్తుందన్నదే, కెమెరా ఎవరి పక్షాన నిలబడుతుందో చాలావరకు తేలుస్తుంది. ఈ మాటకు తెలుగు నేలలోనే దాదాపు నూట యాభై ఏళ్ల ఆధారాలు ఉన్నాయి.

తెలుగువారు ధాత కరువుగా చెప్పుకున్న 1876–78 నాటి క్షామం కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలతో సహా మద్రాసు రాజధానిలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టినప్పుడు, బ్రిటిష్ సైనికాధికారి విలబీ వాలెస్ హూపర్ ఆకలితో ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫోటోలు తీశాడు. కరువు ఫోటోల ఆధారంగా చెక్కిన బొమ్మలు లండన్ పత్రికల్లో అచ్చయి అక్కడి ప్రజలను కదిలించాయి, మాన్షన్ హౌస్ నిధి పేరుతో విరాళాలు కూడా పోగయ్యాయి. ఆ అర్థంలో ఈ దేశంలో మానవీయ ఛాయాచిత్రణ అక్కడి నుంచే మొదలైందని చెప్పవచ్చు. అయితే చిత్రాల్లో ఉన్నవారికి పేర్లు లేవు, ఊళ్లు లేవు, ఫోటో తీయడం ముగిశాక వారికి ఏ సాయమూ అందించకుండానే పంపివేశాడన్న విమర్శ హూపర్‌ను వెంటాడింది. ఇదే అధికారి 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చి చంపుతున్న క్షణాన్ని ఫోటోగా పట్టుకోవడానికి ప్రయత్నించి విచారణను ఎదుర్కొన్న సంగతిని కూడా కలుపుకుని చూస్తే, ఆ కరువు చిత్రాల్లోని మనుషులు ఎందుకంత నిస్సహాయంగా, ఎందుకంత అనామకంగా కనిపిస్తారో అర్థమవుతుంది. వారిని చూస్తున్న కన్ను పాలకవర్గానిది, ఆ కంటికి జీతం ఇస్తున్నదీ ఆ పాలకవర్గమే.

ప్రభుత్వ ధనం ఎప్పుడూ ఇలాంటి ఫలితమే ఇస్తుందని చెప్పడం న్యాయం కాదు. అమెరికాలో ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలంలో, 1935 నుంచి, అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పునరావాస విభాగం రాయ్ స్ట్రైకర్ ఆధ్వర్యంలో డొరొతియా లాంగ్, వాకర్ ఎవన్స్ వంటివారిని జీతాల మీద పల్లెలకు పంపి, ఎంతో విస్తృతమైన గ్రామీణ చిత్రభాండారాన్ని తయారుచేయించింది. కానీ తనకు పనికిరావనుకున్న నెగెటివ్‌లకు స్ట్రైకర్ రంధ్రాలు పొడిపించేవాడు. 1936లో లాంగ్ తీసిన వలస కూలీ తల్లి చిత్రం ప్రపంచమంతా తిరిగినా, ఆమె ఎవరో లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది, అప్పటిదాకా ఆ ప్రఖ్యాతి వల్ల ఆమెకు చేతికి వచ్చింది ఏమీ లేదు.

మన దేశంలో సర్కారుకు బయట నిలబడి ఈ పనికి పూనుకున్నది ఒక రాజకీయ పార్టీ. 1943లో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి, కలకత్తాలో చదువుకుంటున్న సునీల్ జానా అనే యువకుణ్ణి చదువు మాన్పించి, బెంగాల్ కరువును చిత్రించడానికి వెంట తీసుకెళ్లాడు. పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో వచ్చిన ఆ చిత్రాలు, సెన్సారు నీడలో ఉన్న దేశానికి కరువు ముఖాన్ని చూపించాయి. తరువాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాట యోధులను చిత్రించినవాడూ జానాయే. హూపర్ చిత్రాల్లోని వారు చూపుకు లోబడిన మనుషులైతే, జానా తీసిన రైతులూ కూలీలూ కెమెరా కళ్లలోకి తిన్నగా చూస్తారు. అయితే ఆ పోషణకూ ఒక హద్దు ఉండేది. 1948లో పార్టీ నాయకత్వం మారి జోషి పక్కకు తప్పుకోవలసి వచ్చాక, జానాకు పార్టీ అండ పోయి, కలకత్తాలో స్టూడియో నడుపుకోవలసి వచ్చింది. ఒకే దాత మీద ఆధారపడిన పని ఆ దాత మనసుతోపాటే ఆగిపోతుంది.

ఈ రెండు బంధనాల నుంచీ, అంటే సర్కారు నుంచీ, పార్టీ వంటి ఒకే సంస్థ నుంచీ, ఫోటోగ్రాఫరును విడిపించాలన్న ఆలోచన నేటి గ్రాంట్లకు పునాది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌కు 1955లో పిట్స్‌బర్గ్ నగరాన్ని మూడు వారాల్లో చిత్రించి వంద ఫోటోలు ఇవ్వమని ఒక పని అప్పగిస్తే, ఆయన దానితో తృప్తిపడక ఏళ్లపాటు సాగించి సుమారు 17,000 నెగెటివ్‌లు తీశాడు. ఆ ఏళ్లలో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్పు ఆయనను ఆదుకుంది. 1971లో ఆయన, భార్య ఐలీన్ జపాన్‌లోని మినమాటా అనే తీరపట్టణానికి వెళ్లి, చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేరిన చేపలు తినడం వల్ల వికలాంగులైన కుటుంబాల మధ్య దాదాపు మూడేళ్లు నివసించారు. కంపెనీ మనుషుల చేతిలో స్మిత్ తీవ్రంగా దెబ్బలు తిన్నాడు. 1975లో ఆ చిత్రాలు పుస్తకంగా వెలువడి, పారిశ్రామిక కాలుష్యం మీద ప్రపంచం చూపు మార్చింది. 1978లో స్మిత్ చనిపోయిన మరుసటి ఏడాది మిత్రులు ఆయన పేరిట నిధిని స్థాపించారు; 1980లో తొలి గ్రాంటు జేన్ ఎవలిన్ అట్‌వుడ్‌కూ, 1982లో మరొక గ్రాంటు సెబాస్టియావో సల్గాడోకూ దక్కాయి. ఈ చరిత్రలో అందరూ చెప్పుకోని ఒక ముక్క ఉంది. మినమాటాలో పుట్టుకతోనే వ్యాధికి గురైన బాలికను తల్లి స్నానం చేయిస్తున్న చిత్రం స్మిత్ పనిలోకెల్లా ప్రసిద్ధమైనది. ఆ బాలిక చనిపోయిన చాలా ఏళ్లకు తల్లిదండ్రులు ఆ చిత్రాన్ని ఇక తిప్పవద్దని కోరగా, 1990ల చివర ఐలీన్ దాని ప్రచురణను ఆపివేశారు. ఒక చిత్రం ఎంత గొప్పదైనా అందులో ఉన్నవారి హక్కు దానికంటే పెద్దదని ఆమె నిర్ణయం చెబుతుంది.

ఇక్కడ కొన్ని తేడాలు గుర్తుపెట్టుకోవడం అవసరం. పూర్తయిన పనికి ఇచ్చేది అవార్డు, చేయబోయే పనికి ఇచ్చేది గ్రాంటు, పనితోపాటు శిక్షణనో సంపాదకుల తోడునో నెలవారీ భృతితో కలిపి సాధారణంగా ఇచ్చేది ఫెలోషిప్పు. స్వచ్ఛంద సంస్థ తన కార్యక్రమాన్ని చిత్రించమని ఇచ్చే డబ్బు వీటిలో ఏదీ కాదు, అది కూలికి పని. అందులో సంస్థ చేసిన మేలు కనబడాలి కనుక, బాధ కంటే ఉపశమనమే ఎక్కువగా ఫ్రేములోకి వస్తుంది.

తెలుగువారికి దగ్గరగా ఉన్న ఉదాహరణ పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్‌ది. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, 1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చిన ఫెలోషిప్పుతో ఐదు రాష్ట్రాల్లోని పది నిరుపేద జిల్లాల్లో తిరిగి రాసిన కథనాలు 1996లో పుస్తకంగా వచ్చాయి. ఆ ప్రయాణాల్లోనూ, 2002 దాకా పది రాష్ట్రాల్లోనూ గ్రామీణ స్త్రీల శ్రమ మీద ఆయన తీసిన ఫోటోలు ఒక ప్రదర్శనగా దేశమంతా తిరిగాయి. ఒడిశాలోని రాయగడలో తీసిన ఒక చిత్రంలో భూస్వామి పొలంలో నిటారుగా నిలబడి ఉంటే, వెనుక వరుసగా నాట్లు వేస్తున్న స్త్రీలు నడుము వంచి ఉంటారు. వారికి ఇస్తున్నానని భూస్వామి చెప్పిన కూలికీ, అందుతున్నదని వారు చెప్పిన కూలికీ పొంతన లేదన్న వివరం ఆ ఫోటో కింద నమోదైంది. ఫోటోకు తోడుగా ఉండే ఆ రెండు మూడు వాక్యాలను, అంటే క్యాప్షన్‌ను, రాబట్టాలంటే కూర్చుని ఇరుపక్షాలనూ అడగాలి, అడగడానికి వ్యవధి ఉండాలి.

2014 డిసెంబరులో సాయినాథ్ ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, అందరూ పారి అని పిలిచే గ్రామీణ భాండారం, ఈ అనుభవాన్ని ఒక వ్యవస్థగా మార్చే ప్రయత్నం. ప్రకటనలు లేకుండా ప్రధానంగా విరాళాల మీద నడిచేలా దాన్ని రూపొందించారు. కథనాలను తెలుగుతో సహా అనేక భాషల్లోకి అనువదించారు. 2017లో పారి ఫెలోగా పనిచేసిన రాహుల్ మాగంటి విజయవాడ కేంద్రంగా ఉంటూ, రాజధాని అమరావతి కోసం భూములిచ్చిన గ్రామాల్లో పని కోల్పోయిన వ్యవసాయ కూలీల గురించీ, పోలవరం ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చిన ఆదివాసుల గురించీ ఫోటోలతో కూడిన కథనాలు అందించారు. రాజధాని నిర్మాణం మీద రోజూ పేజీల కొద్దీ వార్తలు వచ్చిన కాలమది; ఆ వార్తల్లో భూమి ఉన్నవారి వాదాలు వినిపించినంతగా, భూమి లేనివారి దినకూలీ లెక్కలు వినిపించలేదు. ఆ ఖాళీని పూరించినది ఫెలోషిప్పు ఇచ్చిన తీరుబాటే.

పక్క రాష్ట్రంలో మరొక మేలిమి ఉదాహరణ ఉంది. పారి ఫోటోగ్రాఫర్ ఎం. పళనికుమార్ తమిళనాడులోని శ్రామికుల జీవితాలను, ముఖ్యంగా పారిశుద్ధ్య కార్మికుల జీవితాలను, ఏళ్లుగా చిత్రిస్తున్నారు. 2022లో ప్రముఖ ఛాయాచిత్ర కళాకారిణి దయానితా సింగ్‌కు స్వీడన్‌కు చెందిన హాసెల్‌బ్లాడ్ పురస్కారం రాగా, ఆమె పారితో కలిసి 2 లక్షల రూపాయల డాక్యుమెంటరీ ఛాయాచిత్ర పురస్కారాన్ని నెలకొల్పారు. దాన్ని మొట్టమొదట అందుకున్నది పళనికుమార్. ఒక కళాకారిణి తనకు దక్కిన గౌరవంలో వాటాను, తనకంటే తక్కువ వనరులున్న తోటి కళాకారుడికి పంచిన ఈ పద్ధతి ఎంతో ఆదరణీయమైనది, ఎవరైనా అనుసరించదగినది.

గ్రాంటు దరఖాస్తు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి విజయవాడ ఆటోనగర్‌ను విషయంగా ఊహించుకోవచ్చు. 1960లలో రూపుదిద్దుకున్న ఈ మోటారు కార్మికుల పేటను 2014లో వచ్చిన ఆటోనగర్ సూర్య సినిమా ద్వారా చాలామంది తెలుగువారు చూశారు, కానీ అక్కడి పనిని చూసినవారు తక్కువ. లారీ ఛాసిస్ మీద బాడీ కట్టడం, కమాన్లు సాగదీయడం, లేత్ పని, టింకరింగ్, రేడియేటర్ల మరమ్మతు, పాత బ్యాటరీలు విప్పడం, టైర్లకు రీట్రెడింగ్, చివరగా క్యాబిన్ మీద పూలూ పేర్లూ దిద్దే పెయింటర్ల పని, ఇలా ఒక్కో షెడ్డుకు ఒక్కో విద్య. వెల్డింగు మెరుపు కళ్లకు, బ్యాటరీల సీసం రక్తానికి, స్ప్రే రంగు ఊపిరితిత్తులకు చేసే హాని ఒక్క ఫోటోలో కనబడేది కాదు. అదే మేస్త్రీని పనిలో, ఇంట్లో, ఆసుపత్రి వరుసలో, పండుగనాడు చూసిన చిత్రశ్రేణిలో మాత్రమే తేటపడుతుంది. దరఖాస్తులో ఒకటి రెండు పేజీల ప్రతిపాదన, ఈ విషయంపైనే ఇప్పటికే తీసిన పదిహేను ఇరవై చిత్రాలు, నెలలవారీ కాలపట్టిక, జీవనవ్యయం నుంచి హార్డ్‌డిస్కుల వరకు ఖర్చుల లెక్క ఉంటాయి. చాలామంది తడబడేది ప్రతిపాదనలో: ఆటోనగర్ కార్మికుల కష్టాలు అని రాస్తే న్యాయనిర్ణేతలకు ఏమీ తెలియదు, ఫలానా బ్యాటరీ షెడ్లలో పనిచేసే ఇన్ని కుటుంబాలను ఏడాదిపాటు అనుసరిస్తాను, వారు ఇప్పటికే నన్ను రానిస్తున్నారు అని రాస్తే తెలుస్తుంది. నైపుణ్యాన్ని వదిలి దైన్యాన్ని మాత్రమే చూపించే శ్రేణి హూపర్ దారిలోకే తిరిగి వెళ్తుందన్న సంగతిని కూడా దరఖాస్తుదారు మరవకూడదు.

చట్టం గీసిన గీతలు కూడా ఉన్నాయి. అమెరికాలో 1908 నుంచి లూయిస్ హైన్ మిల్లుల్లోని బాలకార్మికుల పేర్లూ వయసులూ రాసుకుని ఫోటోలు తీసి, బాలకార్మిక చట్టాల కోసం సాగిన ఉద్యమానికి బలమిచ్చాడు. అలాంటి పేర్లనూ ముఖాలనూ ప్రచురించడం ఇవాళ మన దేశంలో నేరం. చట్టవిరుద్ధంగా పనిలో ఉన్న పిల్లలు రక్షణ అవసరమైన పిల్లల కిందికి వస్తారు, వారి పేరు, చిరునామా, బడి, ముఖం వంటి గుర్తింపు వివరాలను మాధ్యమాల్లో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించి, ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ నిర్దేశించింది. అలాగే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010, నమోదైన వార్తాపత్రికల విలేఖరులు, కాలమిస్టులు, సంపాదకులు, ప్రచురణకర్తలు విదేశీ విరాళం తీసుకోకుండా నిషేధించింది కనుక, పత్రికా ఉద్యోగంలో ఉన్నవారు విదేశీ గ్రాంటుకు దరఖాస్తు పెట్టేముందు న్యాయసలహా తీసుకోవడం మంచిది.

అంతర్జాతీయ నిధుల్లో అత్యధికం దరఖాస్తులను ఆంగ్లంలోనే అడుగుతాయి. దీనివల్ల నష్టపోయేది డెల్టా ఊళ్లలో పెళ్లి ఫోటోలు తీస్తూ, మిగిలిన రోజుల్లో తమ వీధినీ తమ కాలువగట్టునూ చిత్రించుకునే యువతీయువకులు. అక్కడి మనుషులకు అందరికంటే దగ్గరగా ఉన్నది వారే. 2022లో కన్నుమూసిన వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెలనూ, అక్కడి ఇళ్లనూ, బతుకమ్మనూ దశాబ్దాలపాటు చిత్రించారు. ఇలాంటివారికి పని మధ్యలో ఉండగానే అండ దొరకాలి. అమెరికాలోని తానా వంటి తెలుగు సంఘాలకు నవలల పోటీలు పెట్టి రచయితలను ప్రోత్సహించే సంప్రదాయం ఉంది. అదే ఆదరణను, తెలుగులోనే దరఖాస్తు తీసుకుని, తెలుగులోనే క్యాప్షన్లు రాయించే ఒక ఛాయాచిత్ర గ్రాంటుకు విస్తరించడం కష్టమైన పని కాదు.

అలాంటి నిధి ఏర్పడితే దాని నిబంధనల్లో ఒక ఖర్చు తప్పనిసరిగా ఉండాలి. సాయినాథ్ ప్రదర్శన గ్యాలరీలకే పరిమితం కాకుండా బస్‌స్టాండ్లలో, రైల్వేస్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో, కూలీల సభల్లో సాగింది. ఫోటోల్లో ఉన్నటువంటి మనుషులే వాటిని చూసి, తప్పులుంటే చెప్పగలిగారు. ఆటోనగర్ మీద తీసిన చిత్రశ్రేణి హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లేముందు ఆటోనగర్ గేటు దగ్గర, పని దిగే వేళ, తెలుగు క్యాప్షన్లతో కనీసం వారం రోజులు నిలబడాలి, ఏదైనా చిత్రాన్ని తీసివేయమని అందులో ఉన్న కార్మికుడు అడిగితే తీసివేసే షరతు ఒప్పందంలోనే రాసి ఉండాలి.